అడవివాగుల జలకీటకములపై కీటకనాశినుల స్వల్పకాల ప్రభావము

అడవికి పట్టిన చీడను తొలగించుటకై విమానములనుండి చల్లినను, నీటిలో పెరుగు దోమలను, కుట్టుడు ఈగలను అణచుటకై నేరుగా ప్రవాహములో వదలినను, కీటకనాశిని వాగునీటిలో ఒక చోట నిలిచియుండు కాలము మిక్కిలి స్వల్పము. నీరు నిలువక కదలుచుండును. మందు దానితోడనే దిగువకు సాగిపోవును. మఱునాడు ఆ చోటనే నీటిని తోడి పరీక్షించినచో విషలేశమైనను కానరాకపోవచ్చును. ఈ హేతువు చేతనే అడవివాగులకు కలుగు హాని క్షణికమైనదనియు, ప్రవాహమే దానిని కడిగివేయుననియు చాలకాలము తలచిరి. కాని నీటిలో విషము నిలిచిన కాలము వేఱు, ఆ నీటిలోని ప్రాణిపై దాని ఫలితము నిలుచు కాలము వేఱు. అర్ధగంట సేపు సోకిన విషము ఒక కీటకము యొక్క మిగిలిన జీవితమునంతయు మార్చివేయగలదు. ఏడాదికొక్కమాఱు మాత్రమే సంతానమును కను జాతియైనచో ఆ మార్పు మఱుసటి ఏటి తరమునకును ప్రాకును. కావున ఈ విషయమున కొలబద్దగా గ్రహింపవలసినది గడియారము కాదు, ఆ కీటకము యొక్క ఆయుఃప్రమాణము.

వాగు, అందలి జీవులు

కొండకొమ్ములలో ఊటలుగా పుట్టి, ఒక మనుష్యుడు దాటగలంత వెడల్పు మాత్రమే కలిగి, చెట్లనీడలో రాళ్ళపై దూకుచు ప్రవహించు చిన్న వాగులకు సూర్యరశ్మి సరిగా అందదు. అందుచేత నీటిలో పాచి మొదలైన హరితజీవములు విశేషముగ పెరుగవు. ఆ నీటిలోని ప్రాణికోటికి ఆహారము ఒడ్డునుండియే రావలెను. అనగా రాలిన ఆకులు, పుల్లలు, పూలు, కాయలే వాటికి జీవనాధారము. 1980లో వానట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ప్రతిపాదించిన నదీ అవిచ్ఛిన్నతా సిద్ధాంతము, ఊటనుండి సముద్రము వఱకు నది పొడవునను ఆహారము మాఱుచుండగా దానిని అనుసరించి జీవసంఘములును ఎట్లు మాఱుచుండునో వివరించి, మొదటి వాగులలో ఆకులను చీల్చి తిను కీటకములకు ప్రధానస్థానము నిచ్చినది.

నీటిలో పడిన ఆకును మొదట శిలీంధ్రములు, సూక్ష్మజీవులు ఆక్రమించి మెత్తపఱచును. పిమ్మట స్టోన్‌ఫ్లై శాబకములును, కొన్ని జాతుల క్యాడిస్‌ఫ్లై డింభకములును దానిని ఈనెలు మాత్రము మిగులునట్లు చీల్చి తినును. అవి తిని విడిచిన తునుకలును, వాటి మలమును సన్నని రేణువులై దిగువకు కొట్టుకొనిపోగా, హైడ్రోసైకి కుటుంబమునకు చెందిన క్యాడిస్ డింభకములు రాళ్ళ సందులలో పట్టుదారముతో వలలు అల్లి ఆ రేణువులను పట్టుకొనును. సిమ్యూలియం జాతి కుట్టుడు ఈగల డింభకములు తలపైనున్న విసనకఱ్ఱల వంటి అవయవములతో వాటిని వడగట్టుకొనును. మేఫ్లై శాబకములు రాళ్ళపై పలుచగా పేరుకొనిన పాచిపొరను గీకి తినును. తూనీగల పిల్లలును, పెద్ద జాతుల స్టోన్‌ఫ్లై శాబకములును వీనినన్నిటిని వేటాడును. చేపలకు, కప్పలకు, వాగొడ్డున తిరుగు పక్షులకు, సాలీళ్ళకు, రెక్కలు వచ్చి నీటినుండి వెడలు ఈ కీటకములే ఆహారము.

వీని ఆయుర్దాయములలోని భేదము ఈ వ్యాసమునకు ముఖ్యమైనది. మేఫ్లై రెక్కలు వచ్చిన తరువాత కొన్ని గంటలో, కొద్దిదినములో మాత్రమే బ్రతుకును. కాని అంతకుముందు నీటిలో శాబకముగ నెలల తరబడి, కొన్ని జాతులలో ఏడాదియు, అంతకు మించియు గడపును. టెరోనార్సిస్ వంటి పెద్ద స్టోన్‌ఫ్లైల శాబకదశ రెండు మూడేండ్లు సాగును. కైరొనోమిడ్ ఈగలును, సిమ్యూలియం ఈగలును వెచ్చని ఋతువులో కొన్ని వారములలోనే ఒక తరమును ముగించి ఏడాదికి పలుమాఱులు పునరుత్పత్తి చేయగలవు. తూర్పుకనుమలలో మారేడుమిల్లి, చింతపల్లి ప్రాంతముల కొండవాగులలోను ఈ క్రమములకు చెందిన కీటకములే వసించుచున్నవి. ఉష్ణమండలమగుట వలన ఇచట పెక్కు జాతుల తరములు శీతలదేశములలోకంటె వేగముగ మాఱును.

విషము నడచు తీరు

సెకనుకు 30 సెంటీమీటర్ల వేగముతో పాఱు వాగు గంటకు ఒక కిలోమీటరునకు కొంచెము మించిన దూరము పోవును. అట్టి వాగులో ఒకచోట పడిన మందు పొడవైన ఒక మేఘమువలె దిగువకు కదలుచు, ముందుకు పోయినకొలది పలుచబడుచు, ప్రతి రాతిని, ప్రతి ఆకుకుప్పను కొంతసేపు తాకి దాటిపోవును. రాతిక్రింద నున్న శాబకమునకు విషపు పాలు క్షణక్రమమున హెచ్చి, ఒక శిఖరము నంది, మరల తగ్గును. ఇట్టి స్పర్శనే విజ్ఞానులు విషస్పందమని వ్యవహరింతురు. విమానము వాగు పొడవునను ఎగురుచు చల్లినచో ఈ శిఖరము ఒకే కాలమున మైళ్ళకొలది ఏర్పడును. ఒడ్డున మాత్రమే చల్లినచో గాలి మోసినంత, వాన కడిగినంత మాత్రమే నీటిలో చేరును. కావున ఒకే మోతాదు మందు రెండు వాగులలో రెండు వేఱు ఫలితముల నిచ్చుట వింత కాదు.

నీరు శుభ్రమైనంత మాత్రమున విషము తొలగినదని తలపరాదు. డీడీటీ, పైరిత్రాయిడ్లు మొదలగునవి నీటిలో కరుగుట మిక్కిలి స్వల్పము. అవి ఆకులకు, బురదకు, రాతిపై పొరకు అంటుకొనును. మడుగులలోను, ఒడ్డుదాపున సుడి తిరుగు నిలువనీటిలోను విషము ప్రధానప్రవాహములోకంటె ఆలస్యముగ తొలగును. మొదటి పెద్ద వానకు అడవినేల కడిగిన నీరు మఱల ఒక విషస్పందమును తేవచ్చును. అన్నిటికంటె ఆలోచింపదగిన ఉదాహరణము డైఫ్లూబెన్‌జురాన్. జిప్సీ మాత్ అను చిమ్మట గొంగళిపురుగులు ఆకులను తినివేయకుండ దీనిని అమెరికా అడవులపై వసంతమున చల్లుదురు. ఇది నాడులను తాకు విషము కాదు. కీటకము కుబుసము విడుచునప్పుడు క్రొత్త కవచమునకు వలసిన కైటిన్ ఏర్పడకుండ అడ్డుకొనును. ఆకుపై అంటిన మందు శరత్కాలము వఱకును నిలిచి, ఆకు రాలినప్పుడు దానితో కూడ వాగులో పడును. అప్పుడు దానిని తినునవి ఆకులను చీల్చి తిను కీటకములే. పశ్చిమ వర్జీనియాలోని ఫెర్నో ప్రయోగారణ్యములో 1992లో జరిపిన చల్లింపు పిమ్మట వాగులనుండి రెక్కలతో వెడలు కీటకములను వలలతో పట్టి లెక్కించిన పరిశోధకులు, ఆకుతిండి స్టోన్‌ఫ్లైలలో తగ్గుదలను గుర్తించిరి. చల్లుట ఒక పూట. సోకినది మఱియొక ఋతువులో.

దేహముపై జరుగునది

ఆర్గానోఫాస్ఫేటులు, కార్బమేటులు అను తెగల మందులు నాడీసంధులలో ఎసిటైల్ కోలిన్‌ను విచ్ఛిన్నము చేయు ఎంజైమును నిరోధించును. తత్ఫలితముగ నాడి ఆగక కండరమును కుదుపుచుండును. డీడీటీ, పైరిత్రాయిడ్లు నాడీతంతువులోని సోడియం మార్గములను మూతపడనీయవు. నియోనికొటినాయిడ్లు ఎసిటైల్ కోలిన్ గ్రాహకములకే అంటుకొని నాడిని ఉద్రేకింపజేసి పిమ్మట మూగపఱచును. డీడీటీకి, పైరిత్రాయిడ్లకు ఒక విశేషగుణము కలదు: ఉష్ణోగ్రత తగ్గినకొలది వాని విషశక్తి హెచ్చును. కొండనీడ వాగులు చల్లనివి కావున ఈ గుణము అచటి జీవులకు ప్రత్యేకముగ హానికరము.

ప్రవాహములో బ్రతుకు కీటకమునకు చచ్చుటకు ముందే ఒక ఆపద కలుగును. అది పట్టు తప్పుట. మేఫ్లై శాబకము చదునైన దేహముతో రాతికి అంటిపట్టుకొని, కాలిగోళ్ళతో గరుకుదనమును పట్టుకొని, ఉదరము ప్రక్కలనున్న మొప్పలను లయబద్ధముగ కదల్చుచు ప్రాణవాయువును గ్రహించును. నాడీవిషము తాకిన కొలదినిమిషములలో ఆ మొప్పల కదలిక క్రమము తప్పును, కాళ్ళు వణకును, శాబకము రాతి అడుగునుండి మీదికి, అనగా వెలుతురులోనికి, చేపల కంటబడు చోటికి వచ్చును, తుదకు గోళ్ళు వదలి ప్రవాహములో పడును. సామాన్యముగ జలకీటకములు కొన్ని రాత్రివేళ తమంత తాముగ పట్టు వదలి దిగువకు తేలిపోవుచుండును. పగటిపూట అట్లు తేలునవి చాల తక్కువ. విషస్పందము దాటినప్పుడు పగలే, ఒక్కసారిగా వేలకొలది కీటకములు కొట్టుకొనిపోవును. వాగునకు అడ్డముగ కట్టిన సన్నని వలను ఎత్తి చూచినచో ఈ విపత్ప్లవనము కంటికి స్పష్టముగ కానవచ్చును: కొన్ని ఇంకను కాళ్ళు ఆడించుచుండును, కొన్ని వంకరపోయియుండును, తమ గూళ్ళను విడిచిపెట్టి వట్టి దేహములతో కొట్టుకొనివచ్చిన క్యాడిస్ డింభకములును వానిలో నుండును. ఇసుకరేణువులతో, ఆకుముక్కలతో తాను కట్టుకొన్న గూటిని విడిచిన డింభకము చావకపోయినను చేపకు ఆహారమగుటకు సిద్ధముగ నున్నట్లే.

ప్లవనము సర్వత్ర మరణము కాదు. తేలిన వానిలో కొన్ని శుభ్రమైన నీటిలో చేరి కోలుకొని మఱల రాతిని పట్టును. విషమేఘముతో సమవేగమున పోవుచున్నవి మాత్రము ఆ మేఘములోనే చిరకాలముండి రాతిని వదలని వానికంటె అధికమోతాదును పొందును. డెన్మార్కులో గామరస్ అను రొయ్యజాతి ప్రాణిని, బీటిస్ అను మేఫ్లైని, ల్యూక్ట్రా అను స్టోన్‌ఫ్లైని లామ్డా సైహలోత్రిన్ అను పైరిత్రాయిడ్‌కు ఒక గంట సేపు లోబఱచిన పరిశోధకులు, లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాములో స్వల్పభాగము మాత్రమే ఉన్నను ప్లవనము హెచ్చుటను చూచిరి.

విషము సోకి బ్రతికినవాని సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. క్యాడిస్‌ఫ్లై డింభకము అల్లు వల సాధారణముగ ఒకే పరిమాణము గల చతురస్రపు కన్నులతో, యంత్రముతో అల్లినట్లు తీరుగ నుండును. విషము సోకిన పిమ్మట అదే డింభకము అల్లిన వలలో దారములు తప్పుగ కలియును, కన్నులు చిన్నవిగను పెద్దవిగను నుండును, కొన్నిచోట్ల దారమే తెగి యుండును. ఈ వికృతవలను గమనించి వాగు కలుషితమైనదని నిర్ణయించు పద్ధతియు కలదు. అట్టి వలతో రేణువులు చిక్కవు. చిక్కని పక్షమున డింభకము పెరుగదు. మఱికొన్ని కీటకములు కొన్నిదినములు ఆహారము ముట్టవు. తినని దినములన్నియు ఎదుగుదలలో లోపముగ తేలును: కీటకము ఆలస్యముగ రెక్కలు పొందును, పొందినను చిన్నదిగ నుండును, చిన్న ఆడుకీటకము తక్కువ గ్రుడ్లు పెట్టును. జర్మనీలో లీస్, షుల్జ్ అను పరిశోధకులు లిమ్నెఫిలస్ లూనాటస్ అను క్యాడిస్‌ఫ్లై డింభకములను ఫెన్‌వలరేట్ కలిపిన నీటిలో ఒక్క గంట మాత్రముంచి, పిమ్మట శుభ్రజలమునకు మార్చి, నెలల తరబడి కనిపెట్టి చూడగా, రెక్కలు వచ్చి వెడలిన వాని సంఖ్య తగ్గినట్లును, వెడలిన కాలము వెనుకబడినట్లును 1990ల నడుమ ప్రకటించిరి.

ఈ ఫలితముల దృష్ట్యా, ప్రాణులను 48 లేక 96 గంటలు విషములో నుంచి చచ్చినవానిని లెక్కించు వాడుకపరీక్ష అడవివాగులకు రెండువిధముల చాలదు. వాగులో స్పర్శ అంతసేపు ఉండదు కావున ఆ పరీక్ష ఒకవైపు అతిశయోక్తి. చావు ఆ గంటలు గడచిన పిమ్మట రావచ్చును కావున మఱియొకవైపు అల్పోక్తి. పాలు సగము చేసి కాలము రెండింతలు చేసినచో ఫలితము మాఱదను పాతసూత్రము ఈ మందుల విషయమున అన్నివేళల నిలువదు. మందు ఎంజైమును గట్టిగ బంధించినచో నీరు శుభ్రమైన తరువాతను దేహములోని హాని సాగుచునే యుండును. నా అభిప్రాయమున, శుభ్రమైన నీటికి మార్చి రెక్కలు వచ్చువఱకు కనిపెట్టని పరీక్షలకు ఈ విషయమున నిర్ణయాధికారము నీయరాదు.

అడవులలో జరిగిన పరిశీలనలు

ఈ శాస్త్రము ప్రయోగశాలలో పుట్టినది కాదు; అడవిపై చేసిన చల్లింపుల పరిణామములను చూచి పుట్టినది. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రములో స్ప్రూస్ బడ్‌వర్మ్ అను గొంగళిపురుగు బాల్సమ్ ఫర్ వృక్షములను పాడుచేయుచుండగా 1952నుండి విమానములతో డీడీటీ చల్లనారంభించిరి. నూనెలో కరగించిన డీడీటీని ఎకరమునకు అర పౌను చొప్పున, అనగా హెక్టారునకు సుమారు 560 గ్రాములు చల్లుట పద్ధతి. 1954లో వాయవ్య మిరమిషి నదీపరీవాహము చల్లింపులోపల పడెను. ఆ నదిలో సాల్మన్ చేపలను కెనడా మత్స్యపరిశోధనా సంస్థ అంతకుముందే క్రమముగ లెక్కించుచుండుట వలన చల్లింపుకు ముందటి స్థితియు లిఖితమై యుండెను. ఇట్టి అవకాశము అరుదు. చిన్న సాల్మన్‌లు పెద్దసంఖ్యలో చచ్చినవి. మిగిలినవానికి ఆహారము లేకపోయినది. టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన ఐడ్ అను శాస్త్రజ్ఞుడు, వాగులపై గుడారముల వంటి వలలను పెట్టి, నీటినుండి పైకి వచ్చు కీటకములను చల్లినచోటను, చల్లనిచోటను పట్టి పోల్చెను. చల్లిన వాగులలో చిన్న దేహములు గల కైరొనోమిడ్, సిమ్యూలియం ఈగలు త్వరలోనే తిరిగి హెచ్చెను. పెద్ద దేహములు గల క్యాడిస్‌ఫ్లైలు మొదలైనవి తిరిగి కనబడుటకు చాలకాలము పట్టెను. ఏడాది లోపలి చేపపిల్లలకు చిన్న పురుగులు చాలును. రెండవ, మూడవ ఏటి సాల్మన్‌కు పెద్ద పురుగులు కావలెను. వాగులో కీటకముల సంఖ్య మామూలుగ నున్నను ఆకలి తీరకపోవుట ఇట్లు సంభవించినది. 1962లో వెలువడిన తన 'సైలెంట్ స్ప్రింగ్' గ్రంథమున రేచెల్ కార్సన్ ఒక అధ్యాయమును ఈ నదితోనే ప్రారంభించుటచే ఈ వృత్తాంతము లోకమునకు తెలిసినది. 1955లో అమెరికాలోని ఎల్లోస్టోన్ నదీపరీవాహమున బడ్‌వర్మ్‌పైననే డీడీటీ చల్లిన ఏటనే శరత్కాలమున ట్రౌట్, వైట్‌ఫిష్ మొదలగు చేపలు విరివిగ చచ్చిపడెను. చల్లింపు జరిగిన నెలల తరువాత వచ్చిన ఈ చావులకు ఆహారకీటకముల నాశమును ఒక కారణముగ చూపిరి.

పిమ్మట కెనడాలో ఫెనిట్రోథియాన్, అమినోకార్బ్, పెర్మెత్రిన్ వంటి మందులు డీడీటీ స్థానమును గ్రహించెను. ఇవి దేహములలో పేరుకొనుట తక్కువ. కాని పెర్మెత్రిన్ సోకిన వాగులలో ప్లవనము విశేషముగ హెచ్చినట్లు అంటారియోలో జరిగిన పరిశీలనలు తెలిపినవి.

మందును చల్లినవారి ఉద్దేశమునకు అతీతముగ, వాగును గూర్చి తెలిసికొనుటకే మందును వాడిన ప్రయోగము ఒకటి కలదు. ఈ విషయమున దానిని మించినది లేదని చెప్పవచ్చును. ఉత్తర కెరొలీనా పశ్చిమభాగమున దక్షిణ అపలేచియన్ కొండలలో అమెరికా అటవీశాఖ 1934లో స్థాపించిన కొవీటా జలశాస్త్ర ప్రయోగశాల కలదు. అక్కడి చిన్నవాగులపై రోడోడెండ్రాన్ పొదలు దట్టముగ క్రమ్ముకొనియుండుటచే ఏడాది పొడవునను చీకటిగనే యుండును. జార్జియా విశ్వవిద్యాలయపు బ్రూస్ వాలెస్, ఆయన సహచరులు 1980 ఫిబ్రవరిలో అట్టి ఒక వాగులో డీడీటీకి దగ్గఱ చుట్టమైన మెథాక్సీక్లోర్‌ను కొన్ని గంటలపాటు కలిపి, ప్రక్కనున్న వాగును ముట్టుకొనక పోలికకు నిలిపిరి. పర్యవసానముగ కీటకములు అపారముగ కొట్టుకొనిపోయినవి. మిగిలిన కీటకముల సాంద్రత పోలికవాగులోని దానిలో పదవవంతునకు తగ్గెను. తరువాత జరిగినదే ముఖ్యము. వాగులో ఆకులు క్రుళ్ళుట మందగించెను. శిలీంధ్రములు నిలిచియే యున్నను, ఆకును చీల్చు నోళ్ళు లేకపోవుటచే ఆకులు నెలలు గడచినను ఆకులుగనే నిలిచిపోయెను. ఆకు చీలనిదే రేణువులు పుట్టవు; దిగువకు పోవు సన్నని సేంద్రియరేణువుల పరిమాణము గణనీయముగ తగ్గెను. అనగా, కొండమీది వాగులో కొన్ని గంటల విషము, తాను తాకని దిగువవాగునకు అందవలసిన ఆహారమును కూడ తగ్గించినది. కీటకములు పోయిన ఖాళీలో ఎక్కువగ నిలిచినవి వానపాముల జాతికి చెందిన సన్నని నీటిపురుగులు, కొన్ని కైరొనోమిడ్‌లు. అవి ఆకును చీల్చలేవు. 1980ల ద్వితీయార్ధమున ఇదే వాగుల సమూహములో ఈ ప్రయోగమును కొన్ని సంవత్సరములు ఋతువు ఋతువునను మఱల నడిపి, అదే తీర్పును పొందిరి.

తిరిగి కోలుకొనుట

విషము తీసిన కీటకముల స్థానమును భర్తీ చేయు మార్గములు నాలుగు: ఎగువనుండి తేలివచ్చునవి, రాళ్ళ అడుగున ఇసుకలో లోతుగ దాగినవి, విషము దాటినప్పుడు గ్రుడ్లుగ నున్నవి, ఇతర వాగులనుండి ఎగిరివచ్చి గ్రుడ్లు పెట్టు ప్రౌఢకీటకములు. తేలిపోవుట వలన జనాభా దిగువకు జరుగుచుండగా, రెక్కలు వచ్చిన ఆడుకీటకములు ఎగువకు ఎగిరి గ్రుడ్లు పెట్టి ఆ నష్టమును పూరించునను వలసచక్ర సిద్ధాంతమును కార్ల్ ముల్లర్ అను శాస్త్రజ్ఞుడు స్వీడన్ వాగులను పరిశీలించి 1954లో వెల్లడించెను. ఈ నాలుగు మార్గములలో మొదటిది అన్నిటికంటె వేగవంతమైనది. అందుచేత ఎగువభాగమున మందు తాకని కొన్ని వందల గజముల వాగు మిగిలినదా లేదా అనునదియే పెక్కుచోట్ల కోలుకొనుటకు నెలలు పట్టునా, ఏండ్లు పట్టునా అను నిర్ణయమును చేయును. అడవిచీడకై విమానములతో చల్లునప్పుడు కొండశిఖరము మొదలుకొని పరీవాహమంతయు తడియును. ఊటవాగుకు ఎగువన మఱి వాగు లేదు. నదులలో చూచిన శీఘ్రస్వస్థతను ఊటవాగులకు అన్వయించుట ఈ కారణముననే తప్పు. లీస్, ఫాన్ డెర్ ఓహె అను జర్మన్ శాస్త్రజ్ఞులు పొలముల నడుమ పాఱు వాగులను పరిశీలించి, పురుగుమందులకు లోబడు జాతులు ఎగువన అడవిభాగము కలిగిన వాగులలో మెఱుగుగ నిలుచుచున్నవని 2005లో చూపిరి.

ఆయుర్దాయభేదము కోలుకొనుటలోను స్పష్టమగును. జర్మనీలో ఆరుబయట నిర్మించిన కృత్రిమవాగులలో థయాక్లోప్రిడ్ అను నియోనికొటినాయిడ్‌ను ఒకేసారి వదలి చూచినప్పుడు, ఏడాదిలో పెక్కు తరములు గల జాతులు కొన్ని వారములలో పూర్వస్థితికి వచ్చెను. ఏడాదికొక్క తరము గల జాతులు ఆ ఏడాది కోలుకొనలేదు. కొవీటాలోను మఱియొక సూక్ష్మమైన విషయము తేలినది: ఆకులు చీలుట అను పని మొదట పూర్వస్థితికి వచ్చెను, జాతుల కూర్పు పూర్వము వలె అగుటకు అంతకంటె అధికకాలము పట్టెను. ఒక జాతి చేయవలసిన పనిని వేఱొక జాతి చేయుచుండుట వలన ఇది సంభవించును. వాగు పనిచేయుచున్నది గదా యని తృప్తిపడువారును, పూర్వపు జీవులు తిరిగి రావలెనని కోరువారును ఇచట విడిపోవుదురు. ఇందు నేను రెండవ పక్షమువాడను. వసంతమున స్టోన్‌ఫ్లై లేని వాగుపై, అది నీటినుండి వెడలు వేళకే గూడు కట్టుకొను పక్షికి, ఆకులు చీలిన లెక్క చూపి ప్రయోజనము లేదు.

నీటిలో నేరుగ కలిపిన మందులు

కుట్టుడు ఈగల ద్వారా వ్యాపించి కన్నులు పోగొట్టు నదీఅంధత్వమను వ్యాధిని పశ్చిమ ఆఫ్రికాలో తుడిచివేయుటకు 1974 మొదలు 2002 వఱకు సాగిన కార్యక్రమములో, సిమ్యూలియం డింభకములు పెరుగు నదీప్రవాహములలో టెమిఫాస్‌ను వారమునకొకమాఱు అతిస్వల్పమైన పాలులో కొలది నిమిషముల పాటు కలిపిరి. వారవారము స్పర్శ కలిగినను, ఇతర కీటకములపై దీర్ఘకాలము నిలుచు వినాశము ఏర్పడలేదని క్రమపరిశీలనల వలన తేలెను. పాలు స్వల్పమగుటయు, మందు తగులని ఉపనదులనుండి కీటకములు తిరిగి వచ్చుటయు దీనికి కారణములు. తరువాత ఈగలలో నిరోధశక్తి పుట్టగా మందులను మార్చుచు వాడిరి. 1976లో ఇశ్రాయేలులోని నెగెవ్ ఎడారిలో కనుగొన్న బాసిల్లస్ థురింజియెన్సిస్ ఇశ్రాయెలెన్సిస్ అను సూక్ష్మజీవి విషము ప్రధానముగ దోమల, కుట్టుడు ఈగల డింభకముల ప్రేగులలో పనిచేయును. అందుచే నాడీవిషములకంటె ఇది ఇతరకీటకములకు మిక్కిలి క్షేమకరము. న్యూ బ్రన్స్‌విక్‌లో సైతము బడ్‌వర్మ్‌ను అణచుటకు ఈ బాసిల్లస్‌లోనే కుర్‌స్టాకి అను వేఱొక తెగను వాడుచున్నారు.

మన దేశపు కొండవాగులలో స్వల్పకాల విషస్పర్శ తఱచుగ వచ్చు త్రోవ వేఱు. చేపలు పట్టుటకై వాగులో విషము కలుపుట ప్రాచీనమైన అలవాటు. మంగకాయల వంటి వాటిని దంచి నీటిలో కలిపిన కాలము పోయి, ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ మొదలగు పొలపు పురుగుమందుల డబ్బాలు ఆ పనికి వచ్చినవి. 1897 నాటి భారత మత్స్యశాసనపు అయిదవ సెక్షను నీటిలో విషము కలిపి చేపలను చంపుటను నేరముగ నిర్ణయించినది. చేపకై కలిపిన కీటకనాశిని, స్వభావము చేత, చేపకంటె ముందు కీటకమును చంపును. చేపను ఏరుకొని పోయినవారు రాతిక్రింది శాబకములను చూడరు. వేసవిలో నీరు తగ్గి వాగు మడుగులుగ విడిపోయినప్పుడే ఈ పని ఎక్కువగ జరుగుట వలన రెండు అనర్థములు కలిసివచ్చును: ప్రవాహము లేనందున విషమేఘము కదలదు, స్పర్శ గంటలు దాటి దినములగును, ఎగువనుండి తేలివచ్చి ఖాళీని నింపవలసిన కీటకములు కూడ నైరుతి ఋతుపవనపు తొలివానలకు వాగు మఱల పాఱువఱకు రాలేవు.